రాయి కూడా పారుతుంది

సాంఘికశాస్త్రం పుస్తకంలో భూమి లోపలి పొరల బొమ్మ ఒకటి ఉంటుంది. గోళంలోంచి ఒక ముక్క కోసి తీసేసినట్టు గీస్తారు. పైన సన్నని గోధుమరంగు గీత భూపటలం, దాని కింద దట్టమైన నారింజ రంగులో భూప్రావారం, నడిమధ్యన పసుపుపచ్చగా మండిపోతున్న కేంద్రమండలం. గీతల్లో తప్పేమీ లేదు, చిక్కంతా రంగుల్లోనే ఉంది. ఆ నారింజ రంగు చూసినవాళ్ళెవరైనా మన కాళ్ళ కింద ముప్ఫై నలభై కిలోమీటర్ల లోతున లావా సముద్రం కుతకుతలాడుతోందనీ, ఖండాలు దాని మీద తేలుతున్నాయనీ అనుకుంటారు. పెద్దవాళ్ళలోనూ చాలామంది అలాగే అనుకుంటున్నారు. నిజానికి భూప్రావారం ద్రవం కాదు, రాయి. విచిత్రం ఏమిటంటే, గట్టి రాయిగా ఉంటూనే అది పారుతుంది. ఖండాలు కదలడానికీ, హిమాలయాలు లేవడానికీ, భూకంపాలు రావడానికీ మూలం అదే.

లోపల రాయి ఉందని ఎలా తెలిసింది, తవ్వి చూశారా అని అడగొచ్చు. ఆ ప్రయత్నమూ జరిగింది. రష్యా వాయవ్య కొసన ఉన్న కోలా ద్వీపకల్పంలో 1970లో ఒక బోరు మొదలుపెట్టారు. 1989 నాటికి అది 12,262 మీటర్ల లోతుకు చేరింది. 100 డిగ్రీలు ఉంటుందని లెక్కవేసుకున్న చోట 180 డిగ్రీల వేడి ఎదురవడంతో ఇక ముందుకు సాగలేదు. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు. అంటే ఇన్నేళ్ళు తవ్వింది అందులో ఐదువందల వంతు కూడా లేదు. మనుషులు స్వయంగా దిగిన లోతు ఇంకా తక్కువ. చిత్తూరు సరిహద్దుకు అవతలే ఉన్న కోలార్ బంగారు గనుల్లో తెలుగువాళ్ళు, తమిళులు తరతరాలుగా పనిచేశారు. 2001లో మూతపడేనాటికి ఆ గనులు మూడు కిలోమీటర్లు దాటి కిందికి దిగాయి. అంత లోతున రాయి విడిచే వేడికి మనిషి నిలవాలంటే పైనుంచి చల్లబరిచిన గాలి పంపాల్సి వచ్చేది. అంతా చేస్తే అది భూపటలంలో పైపైన గీరడమే.

తవ్వకుండానే తెలిసిన మొదటి సంగతి బరువు. 1798లో లండన్‌లో హెన్రీ కావెండిష్ సీసపు గోళాల మధ్య ఆకర్షణను కొలిచి, భూమి సగటు సాంద్రత నీటికి దాదాపు ఐదున్నర రెట్లని తేల్చాడు. మన గ్రానైటు సాంద్రత 2.7 మాత్రమే. పైన ఉన్న రాయి ఇంత తేలికైనప్పుడు సగటు ఐదున్నరకు చేరాలంటే లోపలెక్కడో చాలా బరువైన పదార్థం ఉండి తీరాలి. అది ఇనుమే అయి ఉండాలనే అనుమానం అప్పటినుంచీ బలపడుతూ వచ్చింది. కానీ అది ఎంత లోతున ఉంది, గట్టిగా ఉందా కరిగి ఉందా అన్నది బరువు చెప్పదు.

కొత్త కుండ కొనేటప్పుడు వేలి ముడితో కొట్టి, చప్పుడు విని లోపలి పగులును పసిగడతాం. భూమి విషయంలో మనం కొట్టనక్కర్లేదు, ఆ పని భూకంపాలు చేస్తాయి. వినడం నేర్చుకోవడమే మిగిలింది. ఆ నేర్చుకోవడంలో పెద్ద అడుగు మన దేశంలోనే పడింది.

1897 జూన్ 12 సాయంత్రం షిల్లాంగ్ పీఠభూమి కింద మహాభూకంపం వచ్చింది. అప్పటి అస్సాంలో రాతి కట్టడమన్నది దాదాపు మిగల్లేదు. జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేస్తున్న రిచర్డ్ డిక్సన్ ఓల్డామ్ ఆ కొండల్లో తిరిగి వివరాలు రాసుకున్నాడు. నేలలో కూరుకుపోయి ఉన్న బండలు గుంతల అంచులైనా చెరగకుండా గాల్లోకి ఎగిరి పక్కన పడ్డాయని ఆయన గమనించాడు. భూమి ఆకర్షణను మించిన త్వరణంతో నేల పైకి దూకితే తప్ప అలా జరగదు. అంతకంటే విలువైన ఆధారం వేల కిలోమీటర్ల దూరంలో దొరికింది. యూరప్‌లోని పరికరాలు ఈ భూకంపాన్ని నమోదు చేశాయి. ఆ గీతలు చదివిన ఓల్డామ్‌కు కదలిక ఒక్కసారిగా కాక మూడు విడతలుగా వచ్చినట్టు కనబడింది. మొదట వచ్చినవే ఇవాళ మనం పి తరంగాలు అంటున్నవి, తర్వాత వచ్చినవి ఎస్ తరంగాలు. చివరివి నేల పైపొర వెంబడి పాక్కుంటూ వచ్చే తరంగాలు.

ఈ రెండు అక్షరాల తేడా పరీక్ష కోసం కాకుండా అర్థం చేసుకుంటే భూమి లోపల సగం తెలిసినట్టే. పి తరంగం తాను వెళ్ళే దిశలోనే రాతిని నొక్కుతూ, వదులుతూ సాగుతుంది. ఘనమైనా, ద్రవమైనా, వాయువైనా నొక్కితే ఎదురుతిరుగుతుంది కాబట్టి పి తరంగం దేనిలోంచైనా పోగలదు. ఎస్ తరంగం తన దారికి అడ్డంగా, అటూ ఇటూ రాతిని జరుపుతుంది. జరిపిన రాయి తిరిగి తన చోటికి వస్తేనే తరంగం ముందుకు సాగుతుంది. ద్రవాన్ని పక్కకు జరిపితే జరిగిన చోటే ఉండిపోతుంది, వెనక్కి లాగే బలం దానికి లేదు. అందుకే ద్రవం ఎదురైతే ఎస్ తరంగం అక్కడితో ఆగిపోతుంది.

ఇప్పుడు ఆ నారింజ పొర సంగతికి వద్దాం. ఎస్ తరంగాలు భూపటలం దాటి, భూప్రావారం మొత్తం దూసుకుపోయి, దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు దాకా నిక్షేపంగా వెళ్తున్నాయి. ద్రవంలోంచి అలా వెళ్ళడం వాటి వల్ల కాదు. కనుక భూప్రావారం ఘనమే. 2,900 కిలోమీటర్ల దగ్గర మాత్రం ఎస్ తరంగాలకు అడ్డుకట్ట పడుతోంది. భూమికి వేరే లక్షణాలున్న కేంద్రమండలం ఉందని తరంగాల ఆధారంగా 1906లో చూపించింది మళ్ళీ ఓల్డామే. దాని పైఅంచు లోతును 1913లో బెనో గూటెన్‌బర్గ్ లెక్కగట్టాడు. అది ద్రవమని 1926లో హెరాల్డ్ జెఫ్రీస్ తేల్చాడు. ఈలోగా క్రొయేషియాలో ఆంద్రియా మొహరోవిచిచ్ 1909 నాటి ఒక భూకంపం నుంచి, కొన్ని పదుల కిలోమీటర్ల లోతున తరంగాల వేగం ఒక్కసారిగా పెరుగుతోందని పట్టుకున్నాడు. భూపటలం ముగిసేది అక్కడే. ఆ సరిహద్దుకు ఆయన పేరే పెట్టారు, పొట్టిగా ‘మోహో’ అంటారు. సముద్రాల కింద అది ఏడు కిలోమీటర్ల లోతునే తగులుతుంది, టిబెట్ కింద డెబ్భై దాకా పోతుంది.

ఆఖరి మలుపు ఇంగె లేమన్‌ది. ఆమెది డెన్మార్క్. సొంతంగా పెద్ద భూకంపాలు రాని దేశం. దూర దేశాల భూకంపాల నమోదులే ఆమె పని. 1929లో న్యూజీలాండ్‌లో భూకంపం వచ్చినప్పుడు, ద్రవ కేంద్రమండలం తరంగాలను వంచేయడం వల్ల పి తరంగాలు చేరకూడని చోట్ల కూడా కొన్ని బలహీనమైన పి తరంగాలు కనిపించాయి. పరికరాల లోపమని కొట్టిపారేయొచ్చు. ఆమె కొట్టిపారేయలేదు. కంప్యూటర్లు లేని రోజులు. సమాచారమంతా కార్డుల మీద రాసి, ఓట్స్ అట్టపెట్టెల్లో పేర్చుకుని లెక్కలు చేసింది. ద్రవం నడుమ మరో గట్టి గోళం ఉంటే, దానికి తగిలి మళ్ళిన తరంగాలు అక్కడికే చేరతాయని 1936లో ప్రకటించింది. ఆ వ్యాసం శీర్షిక ‘పి ప్రైమ్’, అంతే. శాస్త్ర ప్రపంచంలో అంత పొట్టి శీర్షికలు అరుదు. ఆమె 104 ఏళ్ళు బతికి, 1993లో కన్నుమూసింది.

ఆ అంతర కేంద్రమండలం వ్యాసార్ధం సుమారు 1,220 కిలోమీటర్లు, చందమామ కంటే చిన్నది. అక్కడి వేడి 5,000 డిగ్రీలకు పైమాటే, సూర్యుడి ఉపరితలంతో పోటీపడేంత. అయినా ఇనుము కరగదు, ఎందుకంటే ఆ లోతున ఒత్తిడి దాన్ని కరగనివ్వదు. దాని చుట్టూ ఉన్న ద్రవ ఇనుము సుడులు తిరగడం వల్లే భూమికి అయస్కాంత క్షేత్రం వచ్చింది, దిక్సూచి ముల్లు తిరుగుతోంది.

అయితే అగ్నిపర్వతం కక్కే లావా ఎక్కడిది? కేంద్రమండలం నుంచి వచ్చేది మాత్రం కాదు. భూప్రావారపు పైభాగంలో, కొన్ని ప్రత్యేకమైన చోట్ల, రాయిలో కొద్ది శాతం కరుగుతుంది. వేడి రాయి పైకి లేచినప్పుడు దాని మీది ఒత్తిడి తగ్గడం ఒక కారణం. సముద్రపు నేల లోపలికి దిగేటప్పుడు మోసుకెళ్ళిన నీరు చుట్టూ ఉన్న రాయి కరిగే ఉష్ణోగ్రతను తగ్గించడం మరో కారణం. అండమాన్‌లోని బ్యారెన్ దీవి అగ్నిపర్వతం ఈ రెండో రకం. కరిగినది తేలిక కాబట్టి చీలికల వెంట పైకి వస్తుంది. మిగతా భూప్రావారమంతా ఘనంగానే ఉంటుంది.

ఘనమైనది పారడమెలా అన్న ప్రశ్నకు జవాబు గంగోత్రిలో దొరుకుతుంది. అక్కడి హిమానీనదం గట్టి మంచు. గొడ్డలితో కొడితే పగులుతుంది. అదే మంచు తన బరువుకు తానే, స్ఫటికాలు మెల్లగా రూపం మార్చుకుంటూ, లోయలో కిందికి పారుతుంది. దెబ్బకు పెళుసుగానూ, దీర్ఘకాలపు ఒత్తిడికి జిగురుగానూ ఉండటం దాని తీరు. వెయ్యి డిగ్రీలు దాటిన భూప్రావారపు రాయిదీ అదే తీరు. క్షణాల్లో వచ్చిపోయే ఎస్ తరంగానికి అది గట్టి రాయి. కోట్ల ఏళ్ళ కాలానికి అది ప్రవాహం. ఏటా కొన్ని సెంటీమీటర్లు కదులుతుందంతే. ఈ కదలికకు కావలసిన వేడిలో సుమారు సగం భూమి పుట్టినప్పటిది. మిగతాది యురేనియం, థోరియం, పొటాషియం వంటి మూలకాలు విచ్ఛిన్నమవుతూ ఇప్పటికీ విడుదల చేస్తున్నది.

పైకి వచ్చేకొద్దీ రాయి చల్లబడి బిగుసుకుంటుంది. భూపటలమూ, దానికి అంటుకుని ఉన్న భూప్రావారపు పైభాగమూ కలిసి సుమారు వంద కిలోమీటర్ల మందాన ఒకే గట్టి పొరగా ఉంటాయి. దీన్ని శిలావరణం అంటారు. పలకలంటే దీని ముక్కలే, ఒక్క భూపటలం ముక్కలు కావు. ఏడు పెద్ద పలకలు, ఎన్నో చిన్నవి ఉన్నాయి.

ఖండాలు కదిలాయని 1912లో జర్మనీ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ వెజెనర్ గట్టిగా వాదించాడు. అదే ఏడాది దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ రాబర్ట్ స్కాట్ బృందం మంచులో ప్రాణాలు విడిచింది. వాళ్ళ శవాల పక్కన సుమారు 16 కిలోల రాళ్ళు దొరికాయి. చావు దగ్గరపడుతున్నా వాళ్ళు వదలని ఆ రాళ్ళలో గ్లాసాప్టెరిస్ అనే చెట్టు ఆకుల ముద్రలున్నాయి. ఇప్పుడు మన సింగరేణి గనులకు రండి. కొత్తగూడెం, మందమర్రి బొగ్గు పొరలతో పాటు ఉండే రాళ్ళలోనూ అవే నాలుకల్లాంటి ఆకులు. పాతిక కోట్ల ఏళ్ళ కిందట గోదావరి లోయలో పెరిగిన అడవి, అంటార్కిటికాలో పెరిగిన అడవి ఒకటే. ఆ రెండు నేలలూ గోండ్వానా అనే మహాఖండంలో భాగాలు. ఇంత సాక్ష్యం ఉన్నా వెజెనర్ మాట ఎక్కువమంది వినలేదు. ఖండాలను ఏ బలం నడిపిస్తోందో ఆయన చెప్పలేకపోయాడు. 1930లో గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయాడు.

జవాబు సముద్రం అడుగున ఉంది. 1950లలో అమెరికాలో మేరీ థార్ప్ అట్లాంటిక్ లోతుల కొలతలను పటంగా గీస్తుంటే, నడిసముద్రపు పర్వతాల శిఖరం వెంబడి ఒక చీలిక బయటపడింది. సహచరుడు బ్రూస్ హీజెన్ మొదట ఆడవాళ్ళ కబుర్లంటూ తోసిపుచ్చాడు, తర్వాత ఒప్పుకోక తప్పలేదు. ఆ చీలిక దగ్గర కొత్త సముద్రపు నేల పుడుతూ రెండు వైపులా విడిపోతోందని హ్యారీ హెస్ 1962లో రాశాడు. మరుసటి ఏడాది ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ ఇచ్చిన రుజువుకు ఆధారం మన అరేబియా సముద్రానికి ఆనుకుని ఉన్న కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ కొలతలు. భూమి అయస్కాంత ధ్రువాలు అప్పుడప్పుడు తారుమారవుతాయి. చీలికలోంచి వచ్చి చల్లారిన లావా ఆనాటి దిక్కును తనలో దాచుకుంటుంది. అందుకే సముద్రపు నేల మీద అయస్కాంత చారలు చీలికకు రెండు వైపులా అద్దంలో చూసినట్టు జతజతలుగా ఉన్నాయి. పుట్టిన నేల దూరంగా జరిగి, చల్లబడి, బరువెక్కి, చివరికి మరో పలక కిందికి దూరి భూప్రావారంలోకి దిగిపోతుంది. దిగే కొస తన వెనకున్న పలకనంతా లాక్కుపోతుంది. వెజెనర్ వెతికిన బలంలో ఎక్కువ పాలు ఈ లాగుడుదే. ఇలా తిరిగి లోపలికి పోవడం వల్ల సముద్రపు నేల దాదాపు ఎక్కడా 20 కోట్ల ఏళ్ళకు మించదు. హైదరాబాద్ గుట్టల గ్రానైటు వయసేమో సుమారు 250 కోట్ల ఏళ్ళు.

మన నేల చేసిన ప్రయాణం పలకల చరిత్రలోనే ఆశ్చర్యకరమైనది. విశాఖలో కైలాసగిరి ఎక్కితే కాళ్ళ కింద ఎర్రగా తుప్పు పట్టినట్టుండే రాయి ఖోండలైట్. సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందట తూర్పు కనుమలను మలిచిన వేడీ ఒత్తిడే తూర్పు అంటార్కిటికా రాళ్ళనూ మలిచింది. అప్పట్లో అవి రెండూ ఒకే పర్వతశ్రేణి. బంగాళాఖాతం లేదు, విశాఖకు తీరమే లేదు. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట ఆ అతుకు విడిపోయింది. 9 కోట్ల ఏళ్ళ నాటికి మడగాస్కర్ కూడా వెనకబడింది. భారత పలక ఒంటరిగా ఉత్తరానికి బయల్దేరింది.

దారిలో, 6.6 కోట్ల ఏళ్ళ ప్రాంతంలో, ఇప్పుడు రీయూనియన్ దీవి కింద ఉన్న వేడి చోటు మీదుగా సాగుతున్నప్పుడు పశ్చిమ భారతంలో నేల చీలి లావా వెల్లువెత్తింది. దక్కన్ నల్లరేగడికి తల్లి ఆ లావాయే. అందులో కొన్ని ప్రవాహాలు పాత నదీ లోయల వెంట వెయ్యి కిలోమీటర్లు దాటి రాజమహేంద్రవరం దాకా వచ్చాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. గోదావరికి ఈవల కాతేరు వైపు, ఆవల పంగిడి, దుద్దుకూరు క్వారీల్లో కంకర కోసం పగలగొట్టే నల్లరాయి అదే. భూమ్మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఒకదాని చివరి అంచు మన రోడ్ల కింద పడుతోంది.

ఆ రోజుల్లో భారత పలక ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా కదిలింది. ఖండాన్ని మోస్తున్న పలకకు అది అసాధారణమైన వేగం. ఎందుకంత పరుగు? 2007లో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు, జర్మనీ సహచరులతో కలిసి ఒక కారణం చూపించారు. గోండ్వానా నుంచి విడిపోయిన మిగతా ముక్కల శిలావరణం 180 నుంచి 300 కిలోమీటర్ల మందం ఉంటే, మనది వంద కిలోమీటర్లే. అడుగుభాగం కరిగిపోయి పలుచబడిన పలక తేలిగ్గా జారిందని వాళ్ళ వాదన. ముందు రెండు చోట్ల సముద్రపు నేల లోపలికి దిగుతూ జంటగా లాగడమే అసలు కారణమని 2015లో అమెరికా శాస్త్రవేత్తలు మరో వివరణ ఇచ్చారు. నాకు రెండూ కలిసి పనిచేసి ఉండొచ్చుననిపిస్తుంది, తీర్పు మాత్రం ఇంకా రాలేదు.

5 కోట్ల ఏళ్ళ కిందట ఆ పరుగుకు ఆసియా అడ్డుపడింది. మధ్యలో ఉన్న టెథిస్ సముద్రం మూసుకుపోయింది. ఖండాల రాయి తేలిక కావడంతో సముద్రపు నేలలా సులువుగా లోపలికి దిగలేదు. నలిగి, మడతలుపడి పైకి లేచింది. ఎవరెస్టు శిఖరం మీది రాయి సున్నపురాయి, అందులో సముద్రజీవుల శిలాజాలున్నాయి. ఢీకొట్టాక వేగం తగ్గిందే కానీ ప్రయాణం ఆగలేదు. ఎన్‌జీఆర్‌ఐ ఆవరణలోని జీపీఎస్ కేంద్రం ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది. దానితోపాటు చార్మినారూ జరుగుతోంది.

ఉత్తరాన తగిలే ఆ ఒత్తిడి పలక లోపలికీ పాకుతుంది. పాత గాయాలున్న చోట బయటపడుతుంది. సింగరేణి బొగ్గు ఏర్పడిన గోదావరి లోయ ఒకనాడు నేల చీలి కుంగిన పల్లం. 1969లో భద్రాచలం దగ్గర, 2024 డిసెంబరు 4 ఉదయం 7.27కు ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించింది ఈ లోయలోనే. పలక మధ్యలో ఉన్నాం కాబట్టి క్షేమం అన్న ధీమాను 1993 సెప్టెంబరు 30న లాతూర్ భూకంపం చెరిపేసింది. తీవ్రత 6.2 మాత్రమే. మట్టితో పేర్చిన బరువైన రాతిగోడల కింద, నిద్రలో, సుమారు పదివేల మంది చనిపోయారు.

అంచుల దగ్గర సంగతి వేరు. 2004 డిసెంబరు 26న సుమత్రా నుంచి అండమాన్ దాకా 1,300 కిలోమీటర్ల పొడవున అంచు తెగింది. సముద్రపు నేల పైకి ఎగసి నీటిని నెట్టింది. రెండున్నర గంటల తర్వాత ఆ అల ఆంధ్ర తీరాన్ని తాకింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోనే వందమందికి పైగా చనిపోయారు. ఆ రెండున్నర గంటల్లో హెచ్చరించే వ్యవస్థ అప్పుడు లేదు. సునామీ నడిసముద్రంలో గంటకు 700, 800 కిలోమీటర్లు పోతుంది. పి తరంగాలు అంతే దూరాన్ని రెండు నిమిషాల్లో దాటేస్తాయి. ఆ తేడాను వాడుకునే హెచ్చరిక కేంద్రం 2007 నుంచి హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో పనిచేస్తోంది. సముద్రానికి దూరంగా దక్కన్ గుట్టల మీద కూర్చుని, ఓల్డామ్ విడదీసిన ఆ తరంగాలనే ఇరవైనాలుగు గంటలూ గమనిస్తుంటారు.

2012 ఏప్రిల్ 11న సుమత్రాకు పడమట మళ్ళీ 8.6 తీవ్రతతో భూమి కదిలింది. హెచ్చరికలు వెళ్ళాయి, తీరాలు ఖాళీ అయ్యాయి. వచ్చింది చిన్న అలే. ఈసారి ఒక పలక మరో దాని కిందికి దూరలేదు. పలక లోపలే రాయి పక్కకు జారింది, సముద్రపు నేల పెద్దగా లేవలేదు. అలా జారిన భూకంపాల్లో అంత పెద్దది పరికరాలకు అంతకు ముందెన్నడూ చిక్కలేదు. ఇండియా, ఆస్ట్రేలియా కలిసి ఒకే పలకగా చాలాకాలం లెక్కలోకి వచ్చాయి. ఇండియా వైపు హిమాలయాలు అడ్డుపడుతున్నాయి. ఆస్ట్రేలియా వైపు అంత అడ్డులేదు, అది వేగంగా సాగుతోంది. ఆ రెంటి నడుమ హిందూ మహాసముద్రపు నేల నలిగి చీలుతోందని శాస్త్రవేత్తలు అంటున్నారు. కొత్త సరిహద్దు స్పష్టంగా ఏర్పడటానికి ఇంకా లక్షల ఏళ్ళు పడుతుంది, అలాంటి భూకంపాలు వేలల్లో రావాల్సి ఉంటుంది.